క్యాంపస్‌లో కుల వివక్ష: ఫిర్యాదులు తక్కువైతే సంతోషించాలా?

ఐదేళ్లలో 1,160 ఫిర్యాదులు. 2019-20 నుంచి 2023-24 వరకు 704 విశ్వవిద్యాలయాలు, 1,553 కాలేజీల్లో కుల వివక్షపై అందినవి ఇవేనని పార్లమెంటరీ సంఘానికీ, సుప్రీంకోర్టుకూ యూజీసీ ఇచ్చిన లెక్క. వాటిలో 1,052 పరిష్కారమయ్యాయట. అంటే 90 శాతం పైనే. కాగితం మీద ఇంతకన్నా మంచి మార్కులు ఎవరికొస్తాయి?

అదే లెక్కను తిరగేసి చూస్తే మరోలా కనిపిస్తుంది. 2,257 సంస్థలకు 1,160 ఫిర్యాదులంటే, సగటున ఒక్కో సంస్థకు దాదాపు పదేళ్లకు ఒకటి. వివక్ష అంత అరుదా, లేక నోరు విప్పేవాళ్లు అరుదా? ఏడాదికి 173గా ఉన్న ఫిర్యాదులు 378కి పెరిగాయి. వివక్ష పెరిగిందని అనుకోవచ్చు, చెప్పుకునే ధైర్యం పెరిగిందనీ అనుకోవచ్చు. ఏది నిజమో ఆ అంకె చెప్పదు.

చిక్కు ఎక్కడుందో 2012 నాటి యూజీసీ నిబంధనలు చూస్తే అర్థమవుతుంది. ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. ఆ అధికారి అదే సంస్థలో పనిచేసే సీనియర్ అధ్యాపకుడే. తన గైడ్ మీద ఫిర్యాదు చేయాల్సిన పీహెచ్‌డీ విద్యార్థి, ఆ గైడ్ సహోద్యోగి గది తలుపు తట్టాలి. థీసిస్ మాత్రం గైడ్ చేతిలోనే ఉంటుంది. పైగా ‘పరిష్కారం’ అన్న మాటలో న్యాయం దొరికిన ఫిర్యాదూ, రాజీతో ముగిసినదీ, కొట్టేసినదీ అన్నీ ఇమిడిపోతాయి.

విభాగం ఉందా, లేదా అని అడిగితే ఉందనే జవాబొస్తుంది. చదువు మధ్యలో ఎవరు వెళ్లిపోతున్నారని అడగడం కష్టమైన ప్రశ్న. కేంద్రీయ వర్సిటీలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి ఐదేళ్లలో 13,626 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు బయటికి వెళ్లారని 2023 డిసెంబరులో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. కోర్సులు, సంస్థలు మారేవాళ్లూ ఇందులో ఉంటారన్నది ప్రభుత్వ వివరణ. అది నిజమే కావచ్చు. అయితే ఎందరు మారారో, ఎందరు చదువే మానేశారో విడదీస్తేనే ఈ అంకెకు అర్థం.

రోహిత్ వేముల 2016లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, పాయల్ తడ్వీ 2019లో ముంబైలో ప్రాణాలు తీసుకున్నారు. 2012 నిబంధనలు సరిగా అమలు కావడం లేదని వాళ్ల తల్లులు 2019లో సుప్రీంకోర్టుకెక్కారు. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. జనరల్ కేటగిరీ విద్యార్థులకు రక్షణ లేదంటూ నిరసనలు రేగాయి. అదే నెల 29న సుప్రీంకోర్టు స్టే ఇచ్చి, 2012 నిబంధనలే కొనసాగాలంది.

ఢిల్లీ ఎయిమ్స్‌లో పరిస్థితిపై సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. ఫిర్యాదుల కోసం ఎదురుచూడకుండా ఆ కమిటీ నేరుగా విద్యార్థులనే అడిగింది. హాస్టళ్లలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు కొన్ని అంతస్తులకే చేరిపోయిన తీరు అలా బయటపడింది.