పాత కంప్యూటరును పాఱవేయవలెనా?

ఇత్తడి బిందెకు చిల్లిపడినచో మాటు వేయించుకొందుము. చీర చిరిగినచో కుట్టుకొందుము. కాని యింటిలోని కంప్యూటరు మొరాయించినచో మాత్రము "ఇది పాతబడినది, క్రొత్తది కొనుడు" అని దుకాణమువారు చెప్పిన మాటకు తలయూపి వచ్చుచున్నాము. ఆ మాట నిజమో కాదో మనమే పరీక్షించుకొను ఉపాయ మొకటి కలదని మేమును మొన్నమొన్నటివఱకు ఎఱుగము. దానిని మా యింటి యనుభవముతో నిచ్చట తెలుపుచున్నాము.

తెనాలిలోని మా యింట తొమ్మిదేండ్లనాటి ల్యాప్‌టాపు కలదు. అందు విండోసు 10 అను సిస్టము ఉండెను. పిల్లల చదువు, ఇంటి జమాఖర్చులు దానిలోనే. కాలము చేసిన మా అత్తగారి ఫొటోలును, ఆమె చెప్పగా మేము వ్రాసికొన్న ఊరగాయల కొలతలును దానిలోనే. ఒకనాటి యుదయమున మీట నొక్కగా నల్లని తెరయే గాని విండోసు తెఱచుకొనలేదు. దుకాణమునకు పంపగా "లోపల నున్నదంతయు తుడిచి మరల ఎక్కింపవలెను, ఇంత పాతదానికి విండోసు 11 పట్టదు, క్రొత్తది కొనుటయే మేలు" అనిరి.

తుడుచుట యను మాట వినగానే మా గుండె ఝల్లుమనెను. ఏలయన, రేపల్లెలోని మా ఆడబిడ్డకు అంతకు ముందే యిట్టిది జరిగినది. ఒక మరమ్మతు దుకాణమున ఆమె నడుగకయే తుడిచి క్రొత్తగా ఎక్కించిరి. యంత్రము చక్కగా నడచుచు వచ్చినది. కుమార్తె వివాహపు ఫొటోలు మాత్రము రాలేదు. వేఱొకచోట దాచిన ప్రతి లేదు. ఆమె దుఃఖమును కన్నులార చూచితిమి గనుక మేము తుడుచుట కొప్పుకొనక యంత్రమును ఇంటికి తెచ్చుకొంటిమి.

బాపట్లలో ఇంజనీరింగు చదువుచున్న మా మేనకోడలు ఆ శనివారము రైలులో వచ్చెను. సంచిలోనుండి వ్రేలెడు పెన్ డ్రైవు తీసి, "అత్తయ్యా! ముందు దీనితో తెఱచి చూతము. లోపల నున్న దేనిని తాకము" అనెను.

ఆ మాటలోని కిటుకు చెప్పెదము. కంప్యూటరు వేఱు, దానిని నడిపించు ఆపరేటింగు సిస్టము వేఱు. తెనాలివారికి నాటకము క్రొత్త కాదు గదా! రంగస్థలము ఒక్కటే. నేడు ఒక సమాజమువారు తమ తెరలు, వేషములు తెచ్చుకొని యాడుదురు. రేపు మఱియొకరు వత్తురు. ఒక సమాజము రాకపోయినంత మాత్రమున రంగస్థలము కూలినదని యెవ్వరును అనరు. విండోసు ఒక సమాజము, లైనక్సు మఱియొకటి. పెన్ డ్రైవులోని లైనక్సు తన సామగ్రి నంతయు తనవెంట తెచ్చుకొని, ర్యామ్ అను తాత్కాలిక జ్ఞాపకములో నిలిచి నడచును. మనము కోరి ఆజ్ఞ యిచ్చినగాని లోపలి డిస్కుపై ఏమియు వ్రాయదు. ఆర్పి, పెన్ డ్రైవు తీసివేసినచో ఎప్పటి యంత్రము అప్పటివలెనే యుండును. దీనినే లైవ్ పద్ధతి యందురు.

అయిదు నిమిషములలో తెర వెలిగినది. బొమ్మలు, ధ్వని, వైఫై, కీబోర్డు అన్నియు సరిగా పనిచేసినవి. యంత్రమున లోపము లేదు. చెడినది సిస్టము మాత్రమే యని తేలినది. లోపలి డిస్కును తెఱచి చూడగా అత్తగారి ఫొటోలు చెక్కుచెదరక యున్నవి! వానిని వేఱొక డ్రైవులోనికి ఎత్తుకొనుటకు రెండు గంటలు పట్టినది. ఆ పూట మాకు అన్నము సయించలేదు, సంతోషముచేత సుమా!

ఈ లైనక్సు ఎచ్చటిదందురా? 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అందఱును స్వేచ్ఛగా వాడుకొనదగిన సిస్టమునకై గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్సు మూలభాగమును వ్రాసి లోకమునకు వెల్లడించెను. 2000లో జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ సి.డి.నుండియే నడచు నాపిక్సును తెచ్చి ఈ లైవ్ పద్ధతికి ప్రచారము కలిగించెను. మైక్రోసాఫ్టువారును 2012లో విండోసు టు గో అను పేర వెలుపలి డ్రైవు పద్ధతిని కార్యాలయములకై తెచ్చి, 2020లో విరమించుకొనిరి.

మన దేశమున సి-డాక్ సంస్థవారు 2007లో బాస్ అను లైనక్సును వెలువరించి భారతీయ భాషల కందు చోటిచ్చిరి. మన తెలుగునాట 2005లో ఏర్పడిన స్వేచ్ఛ యను సంస్థవారు తెలుగులో కనబడు సిస్టమును సిద్ధపఱచుటకు పూనుకొనిరి. మెనూలను తెలుగులోనికి మార్చినవారిలో అనేకులు జీతము లేక పనిచేసిన విద్యార్థులు, యువకులు. ఇంగ్లీషు రాదని కంప్యూటరునకు దూరముగా నుండు తల్లులకు ఇది యెంత మేలో చెప్పనేల?

ఇపు డీ విషయమున తొందర యెందుకనగా, విండోసు 10కు సాధారణముగా నిచ్చు ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచినవి. ప్రత్యేకముగా నమోదు చేసికొన్నవారికి మఱియొక యేడు గడువిచ్చిరి. విండోసు 11కు టి.పి.ఎం. 2.0 అను రక్షణాంగమును, క్రొత్తతరపు ప్రాసెసరును కావలెను. కావున బాగుగా నున్న యంత్రములు సయితము మూలబడుచున్నవి.

చేయు విధము వినుడు. 8 జి.బి. పెన్ డ్రైవు చాలును. ఉబుంటు గాని లైనక్సు మింటు గాని ఆ సంస్థల సొంత వెబ్‌సైటునుండియే ఉచితముగా దింపుకొనుడు. రూఫస్ వంటి సాధనముతో దానిని పెన్ డ్రైవుపై ఎక్కింపవలెను. అట్లెక్కించునపుడు పెన్ డ్రైవులోని పూర్వపు సరకంతయు పోవును; ఖాళీదానినే వాడుడు. పిదప ల్యాప్‌టాపును ఆర్పి, పెన్ డ్రైవు గ్రుచ్చి, వెలిగించిన తక్షణము బూట్ మెనూ మీట నొక్కవలెను. డెల్, లెనోవోలలో అది తఱచుగా ఎఫ్12, హెచ్.పి.లో ఎఫ్9. జాబితాలో పెన్ డ్రైవు నెన్నుకొని, తరువాత "ట్రై" అనుదానినే యొత్తుడు. "ఇన్‌స్టాల్" అనుదాని జోలికి పోవలదు. ఈ యొక్క మాట మఱవకున్న భయము లేదు.

మఱికొన్ని జాగ్రత్తలు కలవు. కొన్ని యంత్రములలో బిట్‌లాకర్ అను తాళముచే డిస్కు మూయబడి యుండును. దాని 48 అంకెల తాళపు సంఖ్య మైక్రోసాఫ్టు ఖాతాలో దొరకును. దానిని ముందుగా కాగితముపై వ్రాసియుంచుకొనవలెను. అది లేక సెక్యూర్ బూట్ అమరికలను కదలింపరాదు. డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేయుచున్నచో వెంటనే ఆర్పి నిపుణులకిండు. అది సిస్టము దోషము కాదు, డిస్కు దోషము.

లైవ్ పద్ధతిలో మనము చేసిన పనులు ఆర్పగానే మాసిపోవును. నిత్యము వాడదలచినవారు వెలుపలి ఎస్.ఎస్.డి.పై లైనక్సును స్థిరముగా నెక్కించుకొనవచ్చును. పెన్ డ్రైవు నిత్యోపయోగమునకు నెమ్మది, త్వరగా అరుగును. ఎక్కించునపుడు బూట్ లోడరు అను ఆరంభభాగము పొరపాటున లోపలి డిస్కుపై పడుట కలదు. అందుచే మా మేనకోడలు ముందుగా లోపలి డిస్కును ఊడదీసి, ఎస్.ఎస్.డి.పై ఎక్కించిన తరువాతనే మరల బిగించెను.

అంతయు లాభమే యని చెప్పుట న్యాయము కాదు. విండోసుకొఱకే చేసిన లెక్కల ప్రోగ్రాములు కొన్ని లైనక్సులో నడువవు. మన డి.టి.పి. పనివారు వాడు అను స్క్రిప్ట్ మేనేజరును విండోసునకు చేసినదే. ప్రింటరు పలుకునో లేదో లైవ్ పద్ధతిలోనే చూచుకొనుడు. మా యింట మాత్రము జమాఖర్చులు, పిల్లల పాఠములు, తెలుగు జాబులు నాలుగు నెలలుగా వెలుపలి డ్రైవుతోనే సాగుచున్నవి. క్రొత్త ల్యాప్‌టాపునకు పెట్టవలసిన సొమ్ము పెట్టెలోనే యున్నది.

మొన్న పండుగకు రేపల్లెనుండి మా ఆడబిడ్డ వచ్చెను. అత్తగారి ఫొటోలు చూచి కంటతడి పెట్టుకొని, "వదినా! ఆనాడు నాకీ సంగతి తెలిసియుండిన బాగుండును గదా" అనెను. మేమేమి చెప్పగలము? పోయినవి రావు. వెళ్లునపుడు మా మేనకోడలిచేత ఒక పెన్ డ్రైవు సిద్ధము చేయించుకొని, బీరువా తాళపుచెవుల గుత్తికి తగిలించుకొని పోయెను. మీరును అట్లు చేయుదురుగాక. అంతకన్న ముందు, ఈ రాత్రియే మీ ఫొటోలకు రెండవ ప్రతి తీసి వేఱొకచోట దాచుడు.