బీజీఎంఐ లూట్: మ్యాచ్‌ లోపల, మ్యాచ్‌ బయట

బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా డౌన్‌లోడ్‌కు పైసా తీసుకోని ఆన్‌లైన్ షూటింగ్ గేమ్. అందరూ బీజీఎంఐ అంటారు. దక్షిణ కొరియా సంస్థ క్రాఫ్టన్ బెంగళూరు కేంద్రంగా దీన్ని మన దేశంలో నడుపుతోంది. కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న నిషేధించిన 118 యాప్‌లలో ఇలాంటి షూటింగ్ గేమే అయిన పబ్‌జీ మొబైల్ కూడా ఉంది. దాని స్థానంలో 2021 జులై 2న ఆండ్రాయిడ్ ఫోన్లలోకి బీజీఎంఐ వచ్చింది. ఏడాది తిరిగేసరికి నమోదైన ఆటగాళ్లు 10 కోట్లకు చేరారని సంస్థ ప్రకటించింది. ఇంతమందిని పట్టి ఉంచేదాంట్లో తుపాకీ కాల్చడం ఎంతుందో, లూట్, అంటే ఆటలో ఏరుకునే సరుకు, కూడా అంతే ఉంది. ఆట బలం, బలహీనత రెండూ ఆ లూట్‌లోనే కనిపిస్తాయి.

మ్యాచ్ మొదలైనప్పుడు ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పున్న ఎరంగెల్ మ్యాప్‌లో 100 మంది విమానంలోంచి దూకుతారు. ఆ మ్యాప్‌లోని పొచింకీలోనో స్కూల్‌లోనో దిగితే సరుకు మెండు, శత్రువులూ మెండే. ఊరి చివర ఒంటరి ఇంట్లో దిగితే ప్రాణభయం తక్కువ, కానీ ఒక్కోసారి హెల్మెట్ కూడా దొరకదు. దొరికిన ఎం416 తుపాకీకి స్కోప్ వెతుక్కోవాలి, బ్యాగులో తూటాలకు చోటు చాలకపోతే ఏది వదలాలో క్షణంలో తేల్చుకోవాలి. ఆకాశం నుంచి పడే ఎయిర్‌డ్రాప్‌లో ఏడబ్ల్యూఎం స్నైపర్ దొరకవచ్చు. లెవెల్ 3 హెల్మెట్ పెట్టుకున్నవాణ్ని సైతం తలకు గురిపెట్టి ఒక్క తూటాతో పడగొట్టే తుపాకీ అది. అయితే ఆ పెట్టె ఎక్కడ పడిందో ఎర్రటి పొగ అందరికీ చెప్పేస్తుంది. మ్యాచ్ ముగియగానే అన్నీ పోతాయి, తర్వాతి మ్యాచ్‌లో మళ్లీ ఒట్టి చేతులే.

ఈ నియమం గేమ్‌కు పెద్ద బలం. లక్ష రూపాయలు ఖర్చుపెట్టినవాడూ ఒక్క రూపాయి పెట్టనివాడూ నేల మీద సమానంగా దిగుతారు. డబ్బుతో ఆయుధం కొనే వీలు లేకపోవడమే చిన్న ఊళ్ల కుర్రాళ్లు టోర్నమెంట్ల దాకా రాగలగడానికి ఒక ముఖ్య కారణం. సమానత్వం పూర్తిగా ఉందనీ అనలేం. ఖరీదైన ఫోన్‌లో దృశ్యం జారినట్టు సాఫీగా కదులుతుంది, చవక ఫోన్‌లో అసలు సమయానికే తడబడుతుంది. గోడల వెనక ఉన్నవాళ్లను చూపే హ్యాక్‌లు వాడేవాళ్ల బెడద తీరలేదు. సంస్థ ఖాతాలను నిషేధిస్తూనే ఉంది, కొత్తవి పుడుతూనే ఉన్నాయి.

లూట్ చేతిలో మిగిలిపోయే ఆటలు వేరే ఉన్నాయి. వాటినే లూటర్ షూటర్లంటారు. కెనడా సంస్థ డిజిటల్ ఎక్స్‌ట్రీమ్స్ 2013లో తెచ్చిన వార్‌ఫ్రేమ్ వాటిలో ఉచితంగా దొరికే పేరున్న ఆట. అందులో ఎక్కువగా నలుగురు కలిసి కంప్యూటర్ నడిపే శత్రువులతో పోరాడతారు కాబట్టి, ఏళ్ల తరబడి కూడబెట్టినవాడు పక్కనుంటే కొత్తవాడికి నష్టం లేదు, సాయమే. కష్టం వేరేచోట ఉంది. ఆయుధానికి కావలసిన ఒక భాగం కోసం అదే మిషన్‌ను పదేపదే ఆడాలి. అన్నీ దొరికాక కూడా ఆయుధం తయారవడానికి సాధారణంగా 12 గంటలు, వార్‌ఫ్రేమ్‌ అనే కవచధారి తయారవడానికి 3 రోజులు ఆగాలి. ఆగలేనివారు ప్లాటినం అనే ఆట నాణెంతో ఆ గడువును దాటవచ్చు. ఓపిక ఉన్నవాడు కాలం ఇస్తాడు, లేనివాడు డబ్బు ఇస్తాడు.

బీజీఎంఐ సంపాదన మాత్రం మ్యాచ్ బయట జరుగుతుంది. యూసీ అనే ఆట నాణేలు కొని, క్రేట్లనే పెట్టెలు తెరిచి, దుస్తులూ తుపాకీ రంగులూ గెలుచుకోవాలి. ఎం416 గ్లేసియర్ అనే తుపాకీ రంగు కోసం ఎన్ని క్రేట్లు తెరిచామో చెప్పుకోవడం ఆటగాళ్లలో మామూలు. జాతరలో చీటీ తీసి బహుమతి చూసుకునే అంగడికీ దీనికీ పోలిక ఉంది. ఒక వస్తువు వచ్చే అవకాశం నూటికి 3 అనుకుందాం. 33 సార్లు తెరిస్తే వచ్చేస్తుందని మనసు లెక్క వేస్తుంది. నిజానికి అన్నిసార్లు తెరిచినా ప్రతి 100 మందిలో 36, 37 మందికి అది దక్కదు. 100 సార్లు తెరిచినా అయిదుగురు మిగిలిపోతారు. పదిహేనేళ్ల పిల్లవాడికి ఈ లెక్క ఎవరూ చెప్పరు. ఆటలో అన్నిటికన్నా అన్యాయమైన భాగం ఇదే.

లోకం దీన్ని పట్టించుకోకపోలేదు. 2017 నుంచి చైనా ఇలాంటి పెట్టెల్లో ఏది వచ్చే అవకాశం ఎంతో ప్రకటించాలంటోంది. 2018లో బెల్జియం కొన్ని ఆటల పెట్టెలను జూదమే అని తేల్చింది. మేపుల్‌స్టోరీ ఆటలో అవకాశాలను గుట్టుగా తగ్గించినందుకు కొరియా ప్రభుత్వ కమిషన్ 2024 జనవరిలో నెక్సాన్ సంస్థకు 1,160 కోట్ల వాన్‌ల జరిమానా వేసింది. కంపెనీ తనంతట తాను వెనక్కి తగ్గిన సందర్భమూ ఉంది. వార్‌ఫ్రేమ్‌లో పెంపుడు జంతువు బొచ్చు రంగును డబ్బు తీసుకుని అదృష్టానికి వదిలే మీట ఒకటి ఉండేది. ఒక ఆటగాడు దాన్ని 200 సార్లు నొక్కాడని గమనించి తయారీదారులు దాన్ని తీసేశారు.

కొన్నది చేతిలో ఉంటుందన్న భరోసా కూడా తక్కువే. 2022 జులై 28న బీజీఎంఐ యాప్ స్టోర్ల నుంచి మాయమైంది. దాదాపు పది నెలలకు, 2023 మే 19న అప్పటి కేంద్ర సహాయమంత్రి రాజీవ్ చంద్రశేఖర్ మూడు నెలల పరీక్షాకాలానికి అనుమతి ప్రకటించాకే తిరిగి వచ్చింది. అమెరికా ఆట డెస్టినీ 2లో 2020 నవంబరులో, అంతకుముందు డబ్బిచ్చి కొన్నవాళ్లు ఆడుకున్న గ్రహాలూ కథలూ తొలగించేశారు. సర్వర్ ఎవరిదో సరుకూ వాళ్లదే.

తిరిగి వచ్చినప్పుడు బీజీఎంఐలో 18 ఏళ్లలోపువారికి రోజుకు 3 గంటలు, పెద్దలకు 6 గంటలు అని గడువు పెట్టారు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది, టోర్నమెంట్లు ఆడేవారికి అది మేలు. అయితే ఆ చట్టం ప్రధానంగా చూసేది డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల వైపు. క్రేట్ల మీద పిల్లలు పెట్టే ఖర్చుకు అడ్డుకట్టగా ఉన్నవి ఆటలోని పరిమితులు, తల్లిదండ్రుల అనుమతి. వయసు ఎక్కువ చెప్పి లోపలికి వెళ్లే పిల్లవాడికి అవి అడ్డు రావు.