తంతి, రేడియో, సెల్‌ఫోను: వార్త రైతునకు అక్కరకు వచ్చుట యెట్లు?

మెట్టసేద్యము చేయు రైతు ప్రతి సంవత్సరము తేల్చుకొనవలసిన మొదటి ప్రశ్న విత్తు తేది. కర్నూలు, కడప జిల్లాల యెఱ్ఱనేలలలో ముంగారు వాన యొకటి పడగానే గొఱ్ఱు కట్టవలెనా, మఱియొక వానకై వేచియుండవలెనా? దీనికి సరియైన సమాధానము చిక్కిన యేడు ఇల్లు నిలుచును. చిక్కని యేడు గాదెలోని విత్తనము మంటిపాలగును. వేరుసెనగకు ఎకరమునకు సుమారు 60 కిలోల విత్తనపు పప్పు పట్టును. తొలి పదునున నాటిన గింజ మొలకెత్తిన పిమ్మట మూడు వారములు వాన మొగము చాటువేసినచో ఆ పప్పుతోపాటు దుక్కి కూలియు, ఎరువు ధరయు, ట్రాక్టరు బాడుగయు నష్టమగును. రెండవమాఱు విత్తుటకు రెండవ అప్పు చేయవలెను.

కార్తెలనుబట్టి సేద్యము చేయుట మన పెద్దలు నేర్పిన విద్య. అది అనేక తరముల వానలను గమనించి కూర్చిన లెక్క. దానిని తేలికగా చూడరాదు. అయితే కార్తె ప్రతి యేడు ఒక్కటే తేది చెప్పును. వాన మాత్రము ఒక్కొక్క యేడు ఒక్కొక్క తీరున వచ్చును. ఈ యేటి వానకు ఈ యేటి లెక్క కావలెను. అట్టి లెక్కను గట్టి రైతు చేతికందించు ప్రయత్నము 2016వ సంవత్సరమున మన కర్నూలు జిల్లా దేవనకొండ మండలముననే జరిగినది. ఆ సంగతి మన సభ్యులందఱును తెలిసికొనదగినది.

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనాలయమువారును, మైక్రోసాఫ్టు కంపెనీవారును, రాష్ట్ర ప్రభుత్వమువారును కలిసి ఆ మండలములోని 175 మంది వేరుసెనగ రైతుల సెల్‌ఫోనులకు తెలుగున సందేశములు పంపిరి. వారు లెక్క గట్టిన విధమిది. 1986 మొదలు 2015 వఱకు 30 యేండ్లలో దేవనకొండ ప్రాంతపు వాతావరణ వివరములను కంప్యూటరున కెక్కించిరి. పైరు కోరు నీటిలో ఎంత భాగమును నేలతేమయు వానయు తీర్చగలవో తెలుపు సూచిక యొకటి గట్టిరి. రాష్ట్రమున దినదినము నమోదగు వర్షపు కొలతలను, రానున్న దినముల వాతావరణ సూచనలను దానికి జోడించి, విత్తుటకు తగిన వారమును నిర్ణయించిరి.

జూన్ మొదటి వారముననే విత్తనము వేయుట ఆ ప్రాంతమున వాడుక. సందేశము మాత్రము ఆగుడని చెప్పెను. జూన్ చివరి వారమున విత్తుడనెను. అప్పటికి ఆరుద్ర కార్తె ప్రవేశించియుండెను. పొలమున ఎట్టి యంత్రమును నాటలేదు. రైతు అదనముగా డబ్బు వెచ్చింపలేదు. సందేశము వచ్చు సామాన్యపు ఫోను చాలెను. విత్తు తేదియే గాక నేల తయారు, విత్తనశుద్ధి, ఎరువు మొదలగువానిని గూర్చియు సందేశములు వచ్చెను. సందేశముననుసరించి విత్తినవారి దిగుబడి సగటున నూటికి 30 వంతులు హెచ్చినదని ఆ సంస్థలవారు ప్రకటించిరి. మఱుసటి యేడు ఆంధ్ర, కర్ణాటక రాష్ట్రములలో 3,000 మందికి పైబడిన రైతులకు దీనిని విస్తరింపగా, పైరునుబట్టి 10 మొదలు 30 వంతుల వఱకు హెచ్చు కనబడినదని తెలిపిరి.

ఈ లెక్క పంపినవారు చెప్పిన లెక్క. ఒకటి రెండు సంవత్సరముల ఫలితమును జూచి తుది తీర్పు చెప్పుట మెట్టరైతునకు తగదు. అయినను ఒక్క వార్త, తగిన వేళకు, తెలిసిన భాషలో అందినచో గాదెలోని విత్తనమును కాపాడగలదని దేవనకొండ చూపినది.

ఇది విని సెల్‌ఫోను ఉన్నచో సేద్యము బాగుపడినట్లేయని తలంచువారు కలరు. అట్లనుకొనుట పొరపాటు. వాతావరణ సూచనలు, ధరలు, సేద్యపు సలహాలు ఫోనునకు పంపు ఒక సేవను మహారాష్ట్రమున 100 గ్రామములలో పరీక్షించి, ఫాఫ్‌షాంప్, మింటెన్ అను అర్థశాస్త్రజ్ఞులు 2012లో ఫలితమును ప్రకటించిరి. సందేశములు పొందిన రైతులకు సగటున హెచ్చు ధర వచ్చినట్లు గాని, వాన వలన పంటనష్టము తగ్గినట్లు గాని స్పష్టముగా కనబడలేదు.

మఱియొక వైపు కేరళ తీరమున చేపలు పట్టువారి సంగతి వినుడు. అచ్చటికి 1997 మొదలు 2001 వఱకు సెల్‌ఫోను క్రమక్రమముగా వచ్చినది. అంతకుముందు ఒక రేవున కొనువారు లేక చేపలను పారవేయుచుండగా, అదే దినమున కొన్ని మైళ్ల దూరమున మఱియొక రేవున చేపలు చాలకుండెడివి. ఫోను వచ్చిన పిమ్మట పడవలోనుండియే రేవుల ధరలు విచారింప మొదలిడిరి. పారవేయు సరకు దాదాపు లేకపోయెను. జాలరుల లాభము నూటికి 8 వంతులు హెచ్చెను. కొనువారికి ధర నూటికి 4 వంతులు తగ్గెను. రాబర్ట్ జెన్సన్ అను అర్థశాస్త్రజ్ఞుడు 2007లో ఈ వివరములను ప్రకటించెను.

ఒకచోట ఫలించిన వార్త మఱియొకచోట ఏల ఫలింపలేదు? నాకు తోచిన కారణమిది. జాలరి చేతిలో పడవ యున్నది. హెచ్చు ధర గల రేవు తెలిసిన వెంటనే చుక్కాని త్రిప్పగలడు. మన రైతు పదిమూటల సరకునకు ఆదోని ధర తెలిసికొన్నను, బండి బాడుగ ఆ లాభమును మ్రింగును. పెట్టుబడికి ముందే మండీవానియొద్ద అప్పు తెచ్చుకొన్నవాడు ధర తెలిసియు అతనికే తూచవలెను. అట్టివానికి ధరవార్త వచ్చుట ఆకలిగొన్నవానికి విందు కబురు వచ్చుట వంటిది. దేవనకొండలో అట్టి యడ్డు లేదు. వార్త కోరినది మూడు వారముల ఓపిక మాత్రమే. ఆ ఓపిక రైతు చేతిలోనే యుండెను. కాబట్టి వార్త వలన లాభము వార్త విన్నవానికి గాక, విన్నదానిని ఆచరింపగలవానికి చేరును.

మన ప్రాంతపు పూర్వచరిత్రయు ఇదే చెప్పుచున్నది. మద్రాసునుండి కడప, ఆదోని మీదుగా సాగిన రైలుదారి 1871లో రాయచూరు చేరినది. రైలుతోపాటు తంతియు వచ్చినది. అయిదేండ్లకే 1876-78 సంవత్సరముల మహాక్షామము మన జిల్లాలను కాల్చివేసినది. తంతి యుండియు ధాన్యపు ధరల వార్త వర్తకుల కొట్లను దాటి గుడిసెలకు చేరలేదు. చేరినను కొనుటకు డబ్బు లేనివానికి దానితో పనిలేదు. ఆ తంతివార్తల సేవ 2013 జులైలో ఈ దేశమున ముగిసినది.

మఱియొక ప్రయత్నము 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వఱకు జరిగినది. అమెరికావారు ఎరవిచ్చిన ఉపగ్రహము సాయముతో ఆఱు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు చేసిరి. మన రాష్ట్రమున ఎన్నుకొన్న జిల్లాలలో కర్నూలు ఒకటి. ఊరికొక పెట్టె, దాని ముందు ఊరంతయు కూర్చుండి సేద్యమును గూర్చియు, ఆరోగ్యమును గూర్చియు చూచుచుండిరి. గడువు తీరగానే ఉపగ్రహము మరలిపోయినది. ఎరవు పరికరము ఎప్పటికైనను వెళ్లును. దాని వలన ఊరు నేర్చుకొని వ్రాసి యుంచుకొన్నది మాత్రము నిలుచును. నేడు ఫోనులలోని యుచిత సేవలను గూర్చియు ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

అంధపంగు న్యాయము మనకు తెలిసినదే. కుంటివాడు త్రోవ చూపగా గ్రుడ్డివాడు అతనిని మోసికొనిపోయి ఇద్దఱును ఊరు చేరిరి. వార్తకు కన్నులు కలవు, కాళ్లు లేవు. సంఘమునకు మూలధనము, గిడ్డంగి, పదిమంది బలము అను కాళ్లు కలవు, కన్నులు చాలవు. ఈ రెంటిని కలుపుట మన పని. 2022 జూన్‌లో కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక సహకార సంఘములకు కంప్యూటర్లు సమకూర్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. ఆ కంప్యూటరు అప్పు పద్దులు వ్రాయుటకే పరిమితము కారాదు. మన సంఘము క్రింది పనులను చేపట్టవచ్చును.

మొదటిది, వానకొలత. సంఘపు ఆవరణలో వర్షమాపకము నొకటి నిలిపి, ప్రతిదినము ఉదయము 8½ గంటలకు కొలిచి పుస్తకమున వ్రాయవలెను. పది మైళ్ల దూరమున కురిసిన వాన మన చేనికి పదును కాదు. ఊరి లెక్క యున్ననే పైనుండి వచ్చు సందేశము మన చేనికి ఎంతవఱకు సరిపోవునో తెలియును.

రెండవది, వార్త చదివి వినిపించుట. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, దేశమున 15 మొదలు 49 యేండ్లలోపు స్త్రీలలో నూటికి 54 మంది మాత్రమే స్వయముగా వాడుకొను ఫోను కలవారు. కలుపు తీయునది, విత్తనము కాపాడునది, కాయ వలుచునది స్త్రీలు. సందేశము వచ్చునది పురుషుని జేబులోనికి. చదువురానివారి మాట చెప్పనక్కఱలేదు. కనుక ప్రతి సందేశమును సంఘపు నల్లబల్లపై వ్రాసి, సాయంకాలము మైకున చదివింపవలెను. పుదుచ్చేరి తీరమున వీరంపట్టిణము గ్రామములో సముద్రపు అలల సూచనను మైకున వినిపించి జాలరులను హెచ్చరించిన పద్ధతి ఇట్టిదే. పిడుగులను గూర్చి ముందుగా తెలుపు దామిని యను సేవ నేడు ఫోనులో కలదు. కాని ఫోను ఇంటిలో, మనిషి పొలములో నున్నచో అది నిష్ప్రయోజనము. ఆ హెచ్చరికయు మైకున వినిపించినచో ప్రాణములు దక్కును.

మూడవది, ప్రశ్న యడుగుట. వార్త ఒక వైపునుండియే రాకూడదు. 2004 జనవరిలో ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటరునకు 1800-180-1551 సంఖ్యకు ఫోను చేసినచో ఖర్చు లేకుండ తెలుగున సమాధానము చెప్పుదురు. ఆకుమచ్చ కనబడినప్పుడు మందుల దుకాణమునకు పోవుటకు ముందు ఈ సంఖ్యకు ఫోను చేయుడు. సమాధానమును సంఘపు పుస్తకమున వ్రాసినచో ఒకని ప్రశ్న పదిమందికి ఉపకరించును.

నాలుగవది, ధర. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈనామ్ అను జాతీయ వ్యవసాయ విపణిలో మన ప్రాంతపు కర్నూలు, ఆదోని, కడప యార్డులు చేరినవి. పంట చేతికి వచ్చు దినములలో ఈ యార్డుల ధరలను సంఘ కార్యదర్శి దినదినము బల్లపై వ్రాయవలెను. అంతటితో ఆగరాదు. పదిమంది సరకును ఒక లారీలో చేర్చి పంపుట, ధర పడిపోయినప్పుడు గిడ్డంగిలో నిలువ జేసి దానిపై ఋణమిచ్చుట సంఘము చేయవలసిన పని. అప్పుడు మన రైతునకును పడవ దొరకినట్లగును.

అయిదవది, పరీక్ష. ఎవరు చెప్పినను చేను ఒప్పుకొనవలెను. సందేశము చెప్పిన తేదిన అరయెకరము, వాడుక తేదిన అరయెకరము, ఒకే నేలలో, ఒకే విత్తనముతో విత్తి, కాయలు తూచి వ్రాయుడు. ఊరికి నలుగురు రైతులు మూడేండ్లు ఇట్లు చేసినచో, ఆ లెక్క ఏ కంపెనీ లెక్కకును తీసిపోదు. సూచన తప్పిన యేడును దాచక వ్రాయవలెను. తప్పు వ్రాయని పుస్తకమును నమ్మరాదు.

ఒక హెచ్చరికయు అవసరము. మేలు చేయు వార్త వచ్చు ఫోనునకే మోసపు మాటయు వచ్చును. సబ్సిడీ జమ చేయుదుమని, ఋణము మాఫీ చేయుదుమని చెప్పి బ్యాంకు రహస్యసంఖ్యను, ఫోనునకు వచ్చిన ఓటీపీ అంకెలను అడుగువారికి ఏమియు చెప్పవలదు. ఏ బ్యాంకును, ఏ ప్రభుత్వ కచేరియు వానిని ఫోనులో అడుగవు. అనుమానము కలిగినచో మొదట సంఘ కార్యదర్శికి తెలుపుడు.

సభ్యులారా! వాన మన చేతిలో లేదు. వానకు ముందు ఒక వారము ఆగుటయో, ఆగకుండుటయో మన చేతిలో నున్నది. ఆ నిర్ణయమును ఒక్కొక్కరు ఒంటరిగా, చీకటిలో చేయు కాలము పోవచ్చును. రానున్న సర్వసభ్య సమావేశమున వర్షమాపకమునకు, నల్లబల్లకు, మైకునకు కావలసిన స్వల్ప వ్యయమును మంజూరు చేయుడని కోరుచున్నాను. మృగశిర ప్రవేశించుటకు ముందే అవి సంఘపు గుమ్మమున నిలిచియున్నచో, ఈ యేటి మొదటి వానను మన చేతులతోనే కొలిచి వ్రాసికొందము.