లివర్‌మోర్ కుర్రాడి 364 రోజులు

శాన్ రామన్ తెలుగువాళ్ళకు లివర్‌మోర్ అంటే ముందు గుర్తొచ్చేది గుడి. 680 మీద దక్షిణానికి వెళ్ళి, 580 ఎక్కి తూర్పుకు తిరిగితే శివ విష్ణు ఆలయం ఎంతో దూరం లేదు. ఆ ఊళ్ళోనే మ్యాక్స్ బేర్ పేరున ఒక పార్కు ఉంది. ఒకప్పుడు ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అతను. 1920ల చివర్లో లివర్‌మోర్‌లో తండ్రి పశువుల ఫారంలో పనిచేశాడు. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మాంసం మోసీ మోసీ భుజాలు బలిశాయి. పత్రికలు అతన్ని ‘లివర్‌మోర్ లారపర్’ అన్నాయి, చితకబాదేవాడని.

కుడిచేతి దెబ్బ అతనికి పుట్టుకతో వచ్చిన ఆస్తి. 1933 జూన్ 8న యాంకీ స్టేడియంలో జర్మన్ వీరుడు మ్యాక్స్ ష్మెలింగ్‌ను పదో రౌండులో ఆపేశాడు. 1934 జూన్ 14న తనకంటే 50 పౌండ్లకు పైగా బరువున్న ప్రిమో కార్నెరాను పదిసార్లకు తక్కువ కాకుండా నేలకూల్చి టైటిల్ గెలిచాడు. 1935 జూన్ 13న దాన్ని పోగొట్టుకున్నాడు. మధ్యలో 364 రోజులు. అన్ని రోజుల్లోనూ టైటిల్‌ను ఒక్కసారైనా పందెంలో పెట్టలేదు. సినిమాలు, ప్రదర్శన పోటీలు, సరదాలు. చివరికి అతన్ని ఓడించిన జేమ్స్ బ్రాడక్ రేవుల్లో కూలిపని చేసి, ప్రభుత్వ సాయంతో పిల్లల్ని సాకినవాడు. పందెగాళ్ళ లెక్కలో అతనికి పదింట ఒక్క వంతు ఆశ కూడా లేదు.

అప్పటి టైటిల్ పోరు 15 రౌండ్లు. రౌండుకు 3 నిమిషాల చొప్పున 45 నిమిషాల కొట్లాట, మధ్య విరామాలతో కలిపి 59 నిమిషాలు. ఒక్క దెబ్బతో ముగించగలిగినవాడికి ఆ 59 నిమిషాల దమ్ము అక్కర్లేదనిపిస్తుంది. బ్రాడక్ మాత్రం పడలేదు. బేర్ రింగులో వెక్కిరింతలు చేస్తూ రౌండ్లు జారవిడిచాడు. పదిహేనూ అయ్యాక జడ్జీలు బ్రాడక్ చెయ్యి ఎత్తారు.

ఇలా జారిపోయింది అతనొక్కడికే కాదు. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో, తల్లి పోయి నెలైనా నిండకముందే, బస్టర్ డగ్లస్ అప్పటికి 37 పోటీల్లో ఓటమెరుగని మైక్ టైసన్‌ను పడగొట్టాడు. గెలుస్తాడని డాలరు కాస్తే 42 డాలర్లు ఇచ్చే పందెం అది. ఆ రాత్రి అతని బరువు 231.5 పౌండ్లు. అక్టోబరు 25న తర్వాతి ప్రత్యర్థి హోలీఫీల్డ్ ముందుకు 246తో వచ్చి మూడో రౌండులో కూలబడ్డాడు. 256 రోజులు. రిడిక్ బో 1992 నవంబరులో 235 పౌండ్లతో అదే హోలీఫీల్డ్‌ను గెలిచాడు, 358 రోజుల తర్వాత 246తో ఓడాడు. కాలిఫోర్నియావాడే అయిన ఆండీ రూయిజ్ 2019 జూన్ 1న 268తో ఆంథనీ జోషువాను నాలుగుసార్లు కింద పడేశాడు. 189 రోజులకు సౌదీలో 283.5తో తూకమెక్కి, 12 రౌండ్లలో చిత్తుగా ఓడాడు. విందుల్లో మునిగి సరిగ్గా సాధన చేయలేదని తనే ఒప్పుకున్నాడు.

నలుగురిలో ఎవరికీ చాంపియన్‌గా ఏడాది నిండలేదు.

ఈ తూకాలు ఇంత స్పష్టంగా కనిపించడానికి ఒక కారణం ఉంది. హెవీవెయిట్‌కు పై హద్దు లేదు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల విభాగంలో, 2023లో 50 కిలోల్లో ప్రపంచ విజేత. ఆ రెండు కిలోలూ ఒంట్లోంచి తీసి, పోటీ ఉన్న ప్రతి పొద్దునా తూకం ముందు నిలబడాలి. కాస్త ఎక్కువైతే గ్లోవ్స్ తొడగకుండానే ఇంటికి. ఆ కాపలా హెవీవెయిట్‌కు లేదు. ఎవరికి వారే కాపలా.

చేసిన తప్పు దిద్దుకున్నవాడూ ఉన్నాడు. 1936లో గోల్ఫ్ మోజులో పడి సాధన తగ్గించిన జో లూయిస్ ష్మెలింగ్ చేతిలో 12వ రౌండులో ఓడాడు. రెండేళ్ళకు తిరిగి తలపడి 124 సెకన్లలో ముగించాడు. అతని టైటిల్ దాదాపు 12 ఏళ్ళు, 25 పోటీలు నిలిచింది.

బేర్‌ను మాత్రం బద్ధకస్తుడని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. డగ్లస్, బో, రూయిజ్ ముగ్గురి కథా తూకంలో కనిపించింది. అతని బరువు గెలిచినప్పుడూ ఓడినప్పుడూ ఇంచుమించు ఒక్కటే. కథ అంతకుముందే, 1930 ఆగస్టు 25 రాత్రి శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది. ఐదో రౌండులో అతని దెబ్బలకు ఫ్రాంకీ క్యాంప్‌బెల్ స్పృహ తప్పాడు, మర్నాడు చనిపోయాడు. నరహత్య అభియోగం నుంచి బేర్ బయటపడ్డాడు, కాలిఫోర్నియా ఏడాదిపాటు ఆడనివ్వలేదు. ఆ కుటుంబానికి డబ్బు పంపాడు. పీడకలలు ఏళ్ళ తరబడి వదల్లేదని అతని కొడుకు చెప్పాడు. రింగులో ఆ వెక్కిరింతల వెనక, మళ్ళీ అంత గట్టిగా కొట్టాల్సి వస్తుందేమోనన్న భయం కొంతైనా ఉందని నా నమ్మకం. ఆ రాత్రికి అతను ప్రొఫెషనల్ అయి 15 నెలలు. వయసు 21.