బయానా ఇచ్చాక లోన్ రాకపోతే?



పిల్లల చదువు కోసం ఊరు వదిలి టౌన్‌లో ఇల్లు చూసుకునే కుటుంబాలు మన బ్రాంచీల్లో చాలా ఉన్నాయి. దేవరకొండ, మునుగోడు వైపు నుంచి నల్లగొండకు, నారాయణపేట, దేవరకద్ర వైపు నుంచి మహబూబ్‌నగర్‌కు వస్తారు. ఇల్లు నచ్చుతుంది, నలుగురు పెద్దమనుషుల ముందు మాట కుదురుతుంది, బయానా చేతులు మారుతుంది. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంట్ రాసుకుంటారు. బ్యాంకు మెట్లు ఎక్కేది ఆ తర్వాతే. బ్యాంకు "కుదరదు" అంటే ఆ బయానా ఏమవుతుంది? మూడు లక్షలో, ఐదు లక్షలో... చాలా ఇళ్లలో అది ఇద్దరు పిల్లల కొన్నేళ్ల ఫీజు. అందుకే ఈ నెల చదువుల సంగతి కాసేపు పక్కనపెట్టి ఈ విషయం రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. లోన్ రాలేదు కాబట్టి బయానా వాపసు ఇవ్వాల్సిందే అని చాలామంది అనుకుంటారు. చట్టం అలా చెప్పదు. మీరు ఒప్పందం చేసుకున్నది ఇల్లు అమ్మే ఆయనతో. బ్యాంకు ఆ ఒప్పందంలో లేదు. గడువులోగా మిగతా డబ్బు తేవడం మీ బాధ్యత, ఎక్కడి నుంచి తెస్తారన్నది ఆయనకు సంబంధం లేని విషయం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో, పని అసాధ్యమైతే ఒప్పందం రద్దవుతుందనే సెక్షన్ 56 ఉంది. కానీ చేతిలో డబ్బు లేకపోవడాన్ని కోర్టులు "అసాధ్యం" కింద లెక్కించవు.

అమెరికాలో ఉన్న మన బంధువులను అడిగితే వేరేలా చెబుతారు. అక్కడ ఇల్లు కొనే ఒప్పందంలో లోన్ మంజూరైతేనే కొంటాం, లేకపోతే మా డబ్బు మాకు వాపసు అనే షరతు పెట్టుకోవడం మామూలే. ఇక్కడ స్టాంపు పేపర్ల మీద టైపు చేసి ఇచ్చే అగ్రిమెంట్లలో అలాంటి వాక్యం సాధారణంగా కనిపించదు. మనం రాయించుకుంటేనే ఉంటుంది.

బయానాను ఇంగ్లిష్‌లో "ఎర్నెస్ట్ మనీ" అంటారు. ఎర్నెస్ట్ అంటే చిత్తశుద్ధి. నిజంగానే కొంటానని హామీగా ఇచ్చే డబ్బు అన్నమాట. కొనుగోలు పూర్తయితే అది ధరలో కలిసిపోతుంది, మీ వల్ల ఆగిపోతే అమ్మేవారు ఉంచుకోవచ్చు. ధరలో భాగంగా ముందే కట్టే అడ్వాన్సు వేరు. మన దగ్గర రెండింటినీ ఒకే మాటతో పిలుస్తాం, గొడవ వచ్చినప్పుడు మాత్రం కోర్టు రెండింటినీ విడదీసి చూస్తుంది.

1963లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన ఫతేచంద్ కేసు చూడండి. ఢిల్లీలో ఒక బంగళా, ధర 1,12,500 రూపాయలు. కొనే ఆయన ముందు వెయ్యి, తర్వాత 24 వేలు ఇచ్చారు. కొనుగోలు ఆగిపోయింది. అమ్మిన ఆయన మొత్తం 25 వేలూ నావే అన్నారు. కోర్టు ఆ వెయ్యినే బయానాగా ఒప్పుకుంది. 24 వేలు ధరలో భాగం కాబట్టి, నష్టం జరిగిందని చూపకుండా ఉంచుకోవడం కుదరదంది.

అయితే దీన్ని చూసి ధైర్యపడొద్దు. 2012లో సతీష్ బాత్రా కేసులో 70 లక్షల ఇంటికి ఇచ్చిన 7 లక్షల బయానాను అమ్మేవారు ఉంచుకోవచ్చని అదే కోర్టు చెప్పింది. 2025 మేలో బెంగళూరు ఆస్తి గురించి వచ్చిన కె.ఆర్. సురేష్ కేసు తీర్పు ఇంకా గట్టిది. ధర 55.50 లక్షలు, ఇచ్చింది 20 లక్షలు, గడువు నాలుగు నెలలు. కొనే ఆయన గడువులో మిగతా డబ్బు సిద్ధం చేసుకోలేకపోయారు. 20 లక్షలూ పోయాయి. పైగా దావాలో "కనీసం నా డబ్బు నాకు ఇప్పించండి" అని అడగనే లేదు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 22 ప్రకారం అడగనిదే కోర్టు ఇప్పించదు. కాబట్టి "పది శాతం కంటే ఎక్కువ పట్టుకోలేరులే" అని ఎవరైనా అంటే నమ్మకండి. అది అలవాటుగా అనుకునే అంకె మాత్రమే, అన్ని ఇళ్లకూ చట్టం గీసిన గీత కాదు. నా అభిప్రాయం అడిగితే, లోన్ మీద ఆధారపడి కొనేవాళ్లు బయానా ఎంత తక్కువ ఇస్తే అంత మంచిది. ఎక్కువ ఇస్తే మాట గట్టిపడుతుందంటారు మధ్యవర్తులు. గట్టిపడేది మీకే.

బయానాతోనే ఆగకపోవచ్చు కూడా. మీరు తప్పుకున్నాక అదే ఇల్లు తక్కువ ధరకు అమ్ముకోవాల్సి వస్తే, ఆ నష్టాన్ని నిరూపించి సెక్షన్ 73 కింద పరిహారం అడిగే హక్కు ఆయనకు ఉంది.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. లోన్ ఎందుకు రాలేదు? మీ బాధ్యత ఎంత అన్నది చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది.

కారణం మీ వైపు ఉండొచ్చు. సిబిల్ స్కోరు తక్కువ, జీతం సరిపోలేదు, ఎప్పుడో స్నేహితుడి లోన్‌కు షూరిటీ సంతకం పెట్టారు, ఆయన కిస్తీలు ఆపేశారు. ఇవన్నీ కొనేవారి ఖాతాలోకే వస్తాయి.

కారణం ఇంటి కాగితాల్లో ఉంటే కథ మారుతుంది. మన జిల్లాల్లో ఇది చాలా మామూలు. పంచాయతీ లేఅవుట్‌లో కొన్న ప్లాటుకు ఎల్ఆర్ఎస్ కట్టలేదు, లింక్ డాక్యుమెంటు ఒకటి లేదు, సాదా బైనామా మీదే తాత నుంచి వచ్చింది, సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉంది, ఈసీలో పాత తాకట్టు కనిపించింది. ఇలాంటివి ఉంటే బ్యాంకు లాయరు సరే అనడు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 55 ప్రకారం హక్కుల్లో లోపాలుంటే చెప్పడం, అడిగిన కాగితాలు చూపడం అమ్మేవారి బాధ్యత. ఆయన వల్ల ఆగితే మీ డబ్బు వడ్డీతో సహా అడగొచ్చు. అందుకే బ్యాంకు నోటిమాటగా వద్దంటే సరిపోదు. కారణం రాసిన లేఖో, లీగల్ ఒపీనియన్ కాపీయో తప్పక అడగండి.

మూడో రకం, వాల్యుయేషన్. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు లోన్‌కు ఆస్తి విలువలో గరిష్ఠంగా 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80, ఆపైన 75 శాతం ఇవ్వొచ్చు. ఆ విలువ మీరు మాట్లాడుకున్న ధర కాదు, బ్యాంకు ఇంజనీరు వేసింది. 30 లక్షలకు కుదిరిన ఇంటికి ఇంజనీరు 24 లక్షలు వేశాడనుకోండి. లోన్ ఎంత లాగినా 21.60 లక్షలు. మీ చేతి నుంచి 8.40 లక్షలు పెట్టాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి ఏడున్నర శాతం, 30 లక్షల మీద 2.25 లక్షలు వేరే. ఇక్కడ లోన్ "రాలేదు" అని కూడా అనలేం. వచ్చింది, కానీ చాలలేదు. చట్టం దృష్టిలో ఇదీ కొనేవారి లోటే.

శాంక్షన్ లెటర్ వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి. చాలాసార్లు అది మీ ఆదాయం చూసి ఇచ్చిందే. ఇంటి కాగితాల పరిశీలన తర్వాత జరుగుతుంది. మధ్యలో ఉద్యోగం మారినా, కారు లోన్ తీసుకున్నా మళ్లీ మొదటికి రావొచ్చు.

బ్యాంకు కాదన్న రోజే అమ్మేవారికి చెప్పండి. మొహమాటంతో గడువు దాటే వరకు ఫోన్ ఎత్తకుండా ఉంటే, డబ్బు సిద్ధంగా లేదని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. గడువు పెంచుకుంటే నోటిమాటగా వద్దు, అగ్రిమెంట్ వెనకే రాసి ఇద్దరూ తేదీతో సంతకాలు పెట్టండి. ఆ సమయంలో ఇంకో బ్యాంకుకు వెళ్లొచ్చు, లేదా అమ్మేవారు ఒప్పుకుంటే మీ స్థానంలో ఇంకో కొనుగోలుదారును చూపొచ్చు. ఇల్లు వెంటనే వేరేవారికి పోతే చాలామంది బయానాలో కొంత కోసుకుని మిగతాది ఇచ్చేస్తారు. ఆ రోజు రద్దు కాగితం రాసుకోవడం మరిచిపోవద్దు. లాయర్ నోటీసు వస్తే మాత్రం బీరువాలో పెట్టేయకుండా జవాబు ఇప్పించండి.

బయానా నగదుగా ఇవ్వకండి. 2015 నుంచి స్థిరాస్తి అమ్మకానికి 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ఇచ్చిన మీకు రుజువు ఉండదు.

హైదరాబాద్ వైపు, హయత్‌నగర్‌లోనో షాద్‌నగర్‌లోనో బిల్డర్ దగ్గర ఫ్లాట్ తీసుకునేవారికి రెరా చట్టం కొంత అండ. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదు. 2025 ఫిబ్రవరిలో గోద్రెజ్ ప్రాజెక్ట్స్ కేసులో, కొనేవారు తప్పుకుంటే 20 శాతం కోసుకుంటామన్న షరతు ఏకపక్షమని, 10 శాతం చాలని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక అగ్రిమెంట్‌లో రాయించుకోవాల్సిన వాక్యం. మీ లాయర్‌కు చూపించి అవసరమైతే మార్చుకోండి:

"కొనుగోలుదారు ఈ తేదీ నుంచి పది రోజుల్లో గృహ రుణానికి దరఖాస్తు చేయాలి. నలభై ఐదు రోజుల్లో బ్యాంకు రుణం నిరాకరించినా, ... లక్షల కంటే తక్కువ మంజూరు చేసినా, బ్యాంకు లేఖ చూపిన పదిహేను రోజుల్లో విక్రేత బయానా మొత్తాన్ని వాపసు చేయాలి."

పది రోజుల్లో దరఖాస్తు అన్న మాట అమ్మేవారి కోసం. అది ఉంటే మీరు ఊరికే కాలయాపన చేయరన్న నమ్మకం ఆయనకు కలుగుతుంది. పూర్తిగా ఒప్పుకోకపోతే, యాభై వేలు మాత్రం కోసుకుని మిగతాది ఇచ్చేలా బేరం ఆడండి. అదే అగ్రిమెంట్‌లో "టైమ్ ఈజ్ ది ఎసెన్స్ ఆఫ్ ది కాంట్రాక్ట్" అనే ఇంగ్లిష్ వాక్యం ఉందేమో చూడండి. గడువు తేదీ దాటితే ఒప్పందమే పోతుందని దాని అర్థం. అది ఉంటే మూడు నెలలకు బదులు ఐదు నెలలు అడగండి.