చిత్తడి నేలలకు ఐరిస్ జాతుల ఎంపిక

ఐరిస్ ప్రజాతిలో 250కి పైగా జాతులున్నాయి. సమశీతోష్ణ దేశాల ఉద్యానాల్లో విరివిగా పెంచే, కింది రేకులపై నూగు కుచ్చు గల రకాలకు మురుగు బాగా పోయే నేల అవసరం. చిత్తడిలో నాటితే వాటి కొమ్ములు మెత్తకుళ్లు తెగులుకు లోనవుతాయి. ఇదే ప్రజాతిలో నీటి అంచున సహజంగా పెరిగే జాతులూ ఉన్నాయి. అయితే వాటన్నింటినీ తడిని తట్టుకొనేవిగా ఒకే గాటన కట్టరాదు. నీరు ఏ కాలంలో, ఎంత లోతున, ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే ఎంపికకు ఆధారం.

ముంపు నేలలో మట్టి రంధ్రాలు నీటితో నిండి, వేళ్లకు ఆక్సిజన్ అందదు. వరిలో వలెనే నీటి ఐరిస్‌లలోనూ ఏరెంకైమా అనే వాయుకణజాలం ఆకుల నుంచి వేళ్లకు గాలిని చేరవేస్తుంది. ముంపును తట్టుకొనే శక్తి మాత్రం జాతిని బట్టి మారుతుంది.

ఏడాది పొడవునా లోతు తక్కువ నీరు నిలిచే చోటికి తూర్పు ఆసియాకు చెందిన ఐరిస్ లేవిగేటా, ఉత్తర అమెరికాకు చెందిన ఐరిస్ వెర్సికలర్ అనుకూలం. జపాన్‌లో శతాబ్దాలుగా అభివృద్ధి చేసిన ఐరిస్ ఎన్సేటా పెరుగుదల, పూత దశల్లో సమృద్ధిగా తడిని కోరుతుంది. శీతకాలంలో మొదలు చుట్టూ నీరు నిలిస్తే దెబ్బతింటుంది. దీనికి ఉదజని సూచిక 5.5–6.5 గల ఆమ్ల నేల కావాలి. సున్నం అధికంగా ఉన్న నేలలో ఇనుము అందక ఆకులు పాలిపోతాయి. ఐరిస్ సైబీరికాకు తేమ చాలు, నిలువ నీరు తగదు. వేసవి వేడి ఎక్కువగా ఉండే ప్రాంతాల్లోని ఆమ్ల నేలలకు అమెరికా ఆగ్నేయ ప్రాంతపు లూసియానా ఐరిస్‌లు మేలు.

అన్నింటికన్నా సులువుగా పెరిగేది ఐరోపాకు చెందిన పసుపు పూల ఐరిస్ సూడకోరస్. దాని కొమ్ములు ఆక్సిజన్ లేకుండా వారాల తరబడి జీవించగలవు. విత్తనాలు నీటిపై తేలుతూ దూరప్రాంతాలకు చేరుతాయి. ఉత్తర అమెరికాకు అలంకరణ మొక్కగా వెళ్లిన ఈ జాతి వాగులు, చెరువుల గట్లను ఆక్రమించి స్థానిక మొక్కలను అణచివేసింది. పశువులకూ ఇది విషతుల్యం. తట్టుకొనే శక్తి ఒక్కటే ప్రమాణమైతే మొదట ఎంపికయ్యేది ఇదే. కనుక దాని స్వస్థలం వెలుపల, జలమార్గాలతో సంబంధమున్న చోట దీనిని సిఫారసు చేయరాదు.

సిఫారసుకు ముందు స్థలంలో 45 సెం.మీ. లోతు గుంత తవ్వి, అందులో నీటి మట్టాన్ని వేసవిలోనూ శీతకాలంలోనూ నమోదు చేయాలి. మట్టి ఉదజని సూచికను పరీక్షించాలి. నీరు బయటికి పారే దారిని గుర్తించాలి. ఈ మూడూ తెలిసిన తరువాతే జాతిని సూచించాలి.