పాత సీసం... పారాహుషార్‌!

పెరట్లో ఓ పొయ్యి, దానిమీద ఇనుప కుండ, అందులో కరుగుతున్న సీసం. అమెరికాలో కొందరికి ఇదో సెలవురోజు సరదా. ఎవరి తూటాలు వాళ్లే పోత పోసుకుంటారు! మరి, తుక్కులో దొరికే సీసమంతా మంచిదేనా?

గురి చూసి కాల్చడం సాధన చేయాలంటే బోలెడు తూటాలు కావాలి. కొనాలంటే ఖర్చు. అందుకే కొందరు అమెరికన్లు తుక్కు సీసం తెచ్చి కరిగించి అచ్చుల్లో పోస్తుంటారు. 327 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది కాబట్టి పని తేలికే. (మనదేశంలో మాత్రం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.) కష్టమంతా సీసాన్ని ఎంచుకోవడంలోనే.

కారు చక్రాల బ్యాలెన్సింగ్‌ కోసం అంచుకి చిన్న బరువులు బిగిస్తారు కదా... వాళ్లకి ఎంతోకాలం అవే ముడిసరుకు. అయితే కాలిఫోర్నియా రాష్ట్రం 2010 నుంచి సీసం బరువుల్ని నిషేధించింది. వాటి స్థానంలో ఇనుము, జింకు బరువులు వచ్చాయి. తుక్కు డబ్బాలో అన్నీ కలిసే ఉంటాయి. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. కటింగ్‌ ప్లేయర్‌తో నొక్కితే మెత్తగా తెగేది సీసం. మొండికేస్తే జింకు. అది కలిసిందంటే కుండెడు సీసమూ పాడే, అచ్చు సరిగా నిండదు.

జింకు వల్ల పోయేది డబ్బే. తడి వల్ల ఒళ్లు కాలుతుంది. కరిగిన సీసంలో చెమ్మగా ఉన్న ముక్క పడితే నీరు ఒక్కసారిగా ఆవిరై, లోహం చుట్టూ చిమ్ముతుంది.

అన్నిటికన్నా ప్రమాదం పాత బ్యాటరీ. అందులోని ప్లేట్లు ఆమ్లంలో నానినవి. గట్టిదనం కోసం వాటిలో యాంటిమొని, ఆర్సెనిక్‌, కాల్షియం లాంటివి కలుపుతారు. కరిగించాక మిగిలే చిట్టేనికి తడి తగిలితే ఆర్సైన్‌ అనే విషవాయువు పుట్టొచ్చు. అది రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేస్తుంది. అందుకే అనుభవజ్ఞులు బ్యాటరీ సీసం జోలికే వెళ్లరు.

'పొగ పీల్చకపోతే చాలు' అనుకుంటారు చాలామంది. నిజానికి ఎక్కువ హాని చేసేది బూడిదరంగు దుమ్ము. చేతులకీ బట్టలకీ అంటుకుని ఇంట్లోకొస్తుంది. పాకే పిల్లల నోట్లోకి చేరుతుంది. ఇంత సీసమైతే ఫర్వాలేదనే హద్దు ఏదీ లేదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పిల్లల మెదడు ఎదుగుదలని అది దెబ్బతీస్తుంది.

సెనెగల్‌ రాజధాని డకార్‌ శివార్లలోని థియారోయ్‌లో జరిగింది వింటే గుండె తరుక్కుపోతుంది. అక్కడివాళ్లు పాత బ్యాటరీలు విప్పేవారు. సీసం కలిసిన మట్టిని జల్లెడపట్టి అమ్ముకునేవారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి మధ్య అక్కడ 18 మంది పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. సంపాదన దేవుడెరుగు... కన్నబిడ్డలే దక్కలేదు!

మనం తూటాలు పోయకపోవచ్చు. కానీ ఇన్వర్టర్‌ బ్యాటరీ లేని ఇళ్లు ఎన్ని? అది పాడైతే నాలుగు రూపాయలు ఎక్కువిస్తామన్నారని వీధిలో విప్పేవాళ్ల చేతిలో పెట్టకండి. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చేయండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారులదే.

సీసం మంచిదో కాదో తేల్చడానికి పరీక్షలెన్నో ఉన్నాయి. వాటన్నిటికన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే... ఇది ఎక్కణ్నుంచి వచ్చింది? జవాబు తెలియకపోతే ముట్టుకోకపోవడమే మేలు.